బాగానే కనిపిస్తోంది కదా, మళ్లీ కంటి చెకప్ ఎందుకు? పెద్దవాళ్ల కంటి పరీక్షల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పెద్దవాళ్లతో ఓసారి కళ్లు చూపించుకుందాం రండి అనగానే వచ్చే ప్రశ్నలు కొన్ని ఉంటాయి, వాళ్లని తీసుకెళ్లే పిల్లలకి వచ్చే డౌట్లు ఇంకొన్ని. రెండూ కలిపి ఇక్కడ పెట్టాను, వరుసలోనే చదవాలనేం లేదు, మీకు కావల్సింది వెతుక్కుని చదవండి.

నాకు బాగానే కనిపిస్తోంది. పేపర్ చదువుతున్నా, టీవీ చూస్తున్నా. ఇక పరీక్ష దేనికి?

అందరూ చెప్పే మాట ఇదే, ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. గ్లాకోమా సంగతే తీసుకోండి, పాతవాళ్లు నీటికాసులు అనేవారు. ఇందులో కంటి నరం కొంచెం కొంచెంగా దెబ్బతింటూ పోతుంది, చూపు ముందు అంచుల్లో పోతుంది, మధ్యలో చూపు మాత్రం చాలాకాలం చక్కగా ఉంటుంది. మనం చదివేదీ టీవీ చూసేదీ ఆ మధ్య చూపుతోనే కాబట్టి పేపర్ చదవగలుగుతున్నా అన్నది దేనికీ రుజువు కాదు. పైగా ఒక కంట్లో పోయిన భాగాన్ని రెండో కన్ను కప్పేస్తుంది, రెండు కళ్లలోనూ పోయినచోట మెదడు ఏదో ఒకటి అల్లేసి పూడ్చేస్తుంది, అందుకే మనిషికి నల్లటి మచ్చ లాంటిదేమీ కనపడదు. ఎక్కువమందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. గుమ్మాలకి, పక్కన నడిచేవాళ్లకి తగలడం మొదలయ్యేసరికి నరంలో చాలా భాగం పోయి ఉంటుంది, పోయింది తిరిగి రాదు. చుక్కల మందు అయినా లేజర్ అయినా ఆపరేషన్ అయినా మిగిలింది కాపాడటానికే. కాబట్టి మీ చూపు ఎంత మిగులుతుందన్నది జబ్బుని ఎప్పుడు పట్టుకున్నారన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. కంప్లైంట్ వచ్చాక కాదు, తేదీ చూసుకుని వెళ్లాలి అని పదే పదే చెప్పేది ఇందుకే.

ఇంట్లో ఒక పని మాత్రం ఇప్పుడే చేయొచ్చు, ఒక కన్ను అరచేత్తో మూసుకుని దూరంగా ఉన్న క్యాలెండర్ చూడండి, తర్వాత రెండో కన్ను మూసుకుని చూడండి. ఒక కన్ను ఎప్పట్నుంచో మసకగా ఉన్న సంగతి ఇలా మూసి చూసినప్పుడే తెలిసేవాళ్లు చాలామంది ఉంటారు. రెండూ సమానంగా ఉన్నాయంటే సంతోషమే కానీ దాన్ని చెకప్ కింద లెక్కేసుకోకండి.

ఏ వయసు నుంచి, ఎన్నాళ్లకోసారి?

అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ, అంటే అక్కడి కంటి డాక్టర్ల సంఘం వాళ్లు చెప్పేదేంటంటే ఏ ఇబ్బందీ లేకపోయినా 40 ఏళ్లప్పుడు ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకోవాలి, 65 దాటాక ఏడాదికో రెండేళ్లకో ఒకసారి. మధ్యలో ఎంత గ్యాప్ అన్నది మీ కళ్లని బట్టి డాక్టరే చెప్తారు. అమ్మకో నాన్నకో తోబుట్టువులకో గ్లాకోమా ఉంటే, చిన్నప్పటి నుంచి పెద్ద మైనస్ పవర్ ఉంటే, స్టెరాయిడ్లు వాడుతుంటే ఇంకా ముందే, ఇంకా తరచుగా వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్ల లెక్క వేరు, అది కింద చెప్తా.

కళ్లజోళ్ల షాపులో పవర్ చెక్ చేయించాం కదా, అది చాలదా?

చాలదు. అక్కడి మెషిన్ చెప్పేది ఏ నంబర్ అద్దం పెడితే అక్షరం స్పష్టంగా కనపడుతుందో అంతవరకే. ఆ కంటి వెనక రెటీనా, అంటే బొమ్మ పడే పొర ఎలా ఉంది, నరం ఎలా ఉంది అన్నది దానికి తెలీదు. గ్లాకోమా బాగా ముదిరిన మనిషి కూడా చార్టులో ఆఖరి లైను చదివేసి అద్దాలు కొనుక్కుని ఇంటికి వచ్చేయొచ్చు. ఇంకో సంగతి, ఏడాది తిరక్కుండా పవర్ మళ్లీ మళ్లీ మారుతుంటే అది అద్దాల గొడవ కాకపోవచ్చు, శుక్లం అయ్యుండొచ్చు, షుగర్ ఎక్కువ తక్కువలు అవుతున్నా అలా మారుతుంది, అప్పుడు కొత్త ఫ్రేము కొనడం డబ్బు దండగ.

మీకు జరిగింది పూర్తి పరీక్షా కాదా అని తెలుసుకోవాలంటే రెండే ప్రశ్నలు వేసుకోండి. కంటి ప్రెషర్ చూశారా? చుక్కలు వేసి కంటి వెనక భాగం చూశారా? రెండిటికీ లేదు అనే జవాబు వస్తే మీకు జరిగింది అద్దాల కొలత, కంటి చెకప్ కాదు.

అసలు లోపల ఏమేం చేస్తారు? నొప్పి ఉంటుందా?

నొప్పి ఉండదు, కూర్చోవడమే ఎక్కువ. ముందు అక్షరాల చార్టు, అది స్నెల్లెన్ అనే డచ్ డాక్టరు 1862లో తయారు చేసింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. 6/18 అని రాస్తే మామూలు చూపు ఉన్నవాళ్లు 18 మీటర్ల దూరం నుంచి చదివేది మీకు 6 మీటర్ల దగ్గరికొస్తేనే కనపడుతోంది అని అర్థం. సన్న చిల్లు ఉన్న రేకు ఒకటి కంటి ముందు పెట్టి మళ్లీ చదవమంటారు, చిల్లులోంచి చూపు మెరుగైతే చాలావరకు అద్దాలతో సరిపోయే సమస్య, మెరుగవకపోతే ఇంకేదో ఉందని ఇంకాస్త లోతుగా వెతుకుతారు.

తర్వాత గడ్డం ఆనించి కూర్చోబెట్టే మైక్రోస్కోప్, స్లిట్ ల్యాంప్ అంటారు, దాంతో కంటిపాప మీది పొర, లెన్సు, రెప్పలు చూస్తారు. ప్రెషర్ చూడటానికి కొన్నిచోట్ల గాలి పఫ్ కొడతారు, ఉలిక్కిపడతాం తప్ప ఏమీ కాదు, కొన్నిచోట్ల మొద్దుబారే చుక్కలు వేసి నీలం లైటుతో మెల్లగా తాకించి చూస్తారు, ఇది ఇంకా కచ్చితమైన పద్ధతి. మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల మెర్క్యురీ మధ్య ఉంటుంది అంటారు కానీ ఈ నంబర్ చూసి సంబరపడిపోనక్కర్లేదు, బెంబేలెత్తిపోనూ అక్కర్లేదు. ప్రెషర్ నార్మల్‌గా ఉంటూనే నరం దెబ్బతినే గ్లాకోమా ఒకటుంది, 24 ఉన్నా ఏళ్ల తరబడి ఏమీ కాని కళ్లూ ఉన్నాయి, అందుకే నరాన్ని కళ్లారా చూడకుండా ప్రెషర్ ఒక్కటే చూసి పంపించేస్తే ఆ పరీక్ష సగమే.

గ్లాకోమా అనుమానం ఉంటే ఫీల్డ్ టెస్ట్ అని చేస్తారు. గిన్నె లాంటి మెషిన్లో తల పెట్టి మధ్యలో చుక్కనే చూస్తూ పక్కల ఎక్కడ లైటు మిణుకుమంటే అక్కడ బటన్ నొక్కాలి. పెద్దవాళ్లు చాలామంది దీన్నుంచి బయటికి రాగానే నేను ఫెయిల్ అయిపోయా, సగం కనపడనేలేదు అని దిగులు పడిపోతారు. ఆ మెషినే కావాలని కనపడీ కనపడనంత సన్న లైట్లు వేస్తుంది, కొన్ని ఎవరికీ కనపడవు, అది దాని పని తీరు. లైటు కోసం అటూ ఇటూ వెతక్కండి, కళ్లార్పడం మానకండి, అలిసిపోతే ఆపమని చెప్పండి, ఆపి మళ్లీ మొదలుపెడతారు. మొదటిసారి సరిగా రాకపోతే ఇంకోరోజు మళ్లీ చేయిస్తారు, మామూలే. ఓసీటీ అని ఇంకోటి ఉంది, 1991 తర్వాత వచ్చింది, రెటీనాని పొరలు పొరలుగా స్కాన్ తీస్తుంది, కంటిని తాకదు కూడా. అది అందరికీ అక్కర్లేదు, అనుమానం ఉన్నచోటే.

చుక్కలు వేస్తే రోజంతా పాడవుతుంది, అది లేకుండా కుదరదా?

వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదైపోతుంది, వెలుతురు పడితే ఇంకా ముడుచుకుపోతుంది, అందులోంచి రెటీనా చూడటమంటే తలుపు సందులోంచి గదంతా చూడాలనుకోవడమే. చుక్కలు వేస్తే ఆ తలుపు తెరుచుకుంటుంది. విప్పారడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, తర్వాత ఓ నాలుగైదు గంటలు దగ్గర చూపు మసకగా ఉంటుంది, వెలుతురు గుచ్చుకుంటుంది, కొందరికి ఇంకాసేపు ఉంటుంది. ఆరోజు బండి నడపొద్దు, తోడు ఒకరుండాలి, నల్ల కళ్లద్దాలు తెచ్చుకోండి, సంతకాలు పెట్టే పనులేవైనా ఉంటే ముందే చూసుకోండి.

చుక్కలు లేకుండా రెటీనా ఫోటో తీసే కెమెరాలు ఉన్నాయి, షుగర్ వాళ్లని గుంపుగా స్క్రీన్ చేయడానికి బాగా పనికొస్తాయి కూడా, కానీ అంచుల్లో చిరుగులు లాంటివి చూడాలంటే చుక్కలే దారి. అన్నట్టు మీకు కంట్లో యాంగిల్, అంటే లోపలి నీరు బయటికి పోయే దారి ఇరుకుగా ఉంది అని ఎవరైనా ఎప్పుడైనా చెప్పి ఉంటే చుక్కలు వేయకముందే ఆ మాట చెప్పండి, అలాంటి కళ్లలో చుక్కల వల్ల ప్రెషర్ ఒక్కసారిగా పెరిగే అవకాశం ఉంటుంది.

శుక్లం ముదిరాకే ఆపరేషన్ అంటారు కదా, ఇప్పుడే చూపించుకుని ఏం లాభం?

అది పాతకాలం మాట, అప్పట్లో దానికి కారణం ఉంది. అప్పుడు మసకబారిన లెన్సు తీసేసి లోపల ఏమీ పెట్టేవాళ్లు కాదు, జీవితాంతం సీసా అడుగంత మందం అద్దాలు పెట్టుకోవాల్సి వచ్చేది, అంత కష్టానికి ఒప్పుకోవాలంటే చూపు దాదాపు పోయి ఉండాలి మరి. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి కంటి లోపల కృత్రిమ లెన్సు పెట్టారు, 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని పొడి చేసి చిన్న గాటులోంచి లాగేసే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు ముదరాలి అని కూర్చుంటే గట్టిపడిపోయి ఆపరేషనే కష్టమవుతుంది.

అలాగని శుక్లం మొదలైంది అని డాక్టరు అనగానే డేటు తీసుకోనక్కర్లేదు కూడా. అరవై దాటాక ఎంతో కొంత మసక చాలామంది లెన్సులో ఉంటుంది. రాత్రిపూట ఎదురు లైట్లు చెదిరిపోతున్నాయా, చదవడం మానేశారా, మెట్లు దిగడానికి భయపడుతున్నారా, అంటే మీ రోజువారీ పనికి అడ్డొస్తోందా అన్నదే కొలత. చుక్కల మందుతో శుక్లం కరిగిస్తాం అనేవాళ్లని మాత్రం నమ్మొద్దు, అలా కరిగించే మందు ఏదీ లేదు.

ఇంకో తమాషా ఏంటంటే కొందరికి ఓ వయసు వచ్చాక చత్వారం అద్దాలు లేకుండానే చిన్న అక్షరాలు చదవడం వచ్చేస్తుంది, చూడు నాకు చూపు తిరిగొచ్చింది అని అందరికీ గొప్పగా చెప్తారు. పాపం అది లెన్సు మధ్యభాగం గట్టిపడి కంటికి మైనస్ పవర్ రావడం వల్ల, అంటే శుక్లం మొదలైందన్నమాట, దూరం చూపు అడిగి చూడండి ఈలోపు అది తగ్గి ఉంటుంది.

ఆపరేషన్ అయిపోయింది. ఇక చెకప్పులు మానేయొచ్చా?

మానకండి. ఆపరేషన్ లెన్సుకి మాత్రమే, నరానికీ రెటీనాకీ అది రక్షణ ఏమీ ఇవ్వదు. కొన్ని నెలలకో ఏళ్లకో మళ్లీ మసక వస్తే శుక్లం తిరిగొచ్చిందనుకుంటారు, అది తిరిగి రాదు, లెన్సు వెనక ఉన్న పొర మందం అవుతుంది, యాగ్ లేజర్‌తో కాసేపట్లో అయిపోయే పని. కానీ మసకకి కారణం అదేనా ఇంకేదైనానా అని చూసి చెప్పాల్సింది డాక్టరే.

షుగర్ కంట్రోల్లోనే ఉంది, అయినా వెళ్లాలా?

వెళ్లాలి. టైప్ 2 అయితే షుగర్ ఉందని తెలిసిన వెంటనే ఒకసారి చూపించుకోవాలి, ఎందుకంటే బయటపడకముందే అది ఒంట్లో ఏళ్లుగా ఉండి ఉండొచ్చు. తర్వాత మామూలుగా ఏడాదికోసారి. టైప్ 1 వాళ్లకి మొదటి ఐదేళ్లలోపు మొదలుపెట్టాలి. రెటీనాలో రక్తనాళాలు కారడం మొదలైన చాలాకాలం వరకు చూపు ఏమీ తగ్గదు, లేజర్, ఇంజెక్షన్లు బాగా పనిచేసేది ఆ దశల్లోనే. బీపీ చేసే నష్టం కూడా కంటి వెనక కనిపిస్తుంది, రక్తనాళాల్ని కోత లేకుండా నేరుగా చూడగలిగేది ఒంట్లో అక్కడే మరి.

తిన్నని గీతలు వంకరగా కనిపిస్తున్నాయి, వయసు వల్లే కదా?

వయసు వల్లే కావచ్చు కానీ ఊరుకోవాల్సింది కాదు. రెటీనా మధ్యలో మాక్యులా అనే చిన్న చోటు ఉంటుంది, సూటిగా చూసే చూపంతా దానిదే. వయసుతో అది పాడయ్యే జబ్బుని ఏఎండీ అంటారు, పొడి రకం మెల్లగా ఏళ్ల మీద వెళ్తుంది, తడి రకంలో పనికిమాలిన రక్తనాళాలు పుట్టి కారి రోజుల్లో వారాల్లో చూపు దెబ్బతీస్తాయి. తలుపు ఫ్రేము వంకరగా కనిపించడం, ఎదుటి మనిషి మొహం మధ్యలో మచ్చ, ఇవి ఆ తడి రకం గుర్తులు కావచ్చు. ఇప్పుడు దీనికి కంట్లో వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, కంట్లో సూదా అని వింటేనే ఒళ్లు జలదరిస్తుంది కానీ మొద్దుబార్చి వేస్తారు, చాలామందికి చూపు నిలబడుతుంది, కొందరికి మెరుగవుతుంది కూడా, ఆలస్యం చేస్తే మాత్రం అంత ఫలితం ఉండదు. ఆమ్స్‌లర్ గ్రిడ్ అని గళ్ల కాగితం ఇస్తారు, గోడకి అంటించుకుని ఒక్కో కంటితో విడివిడిగా చూడాలి, గళ్లు వంగినా మాయమైనా వెంటనే వెళ్లిపోవాలి.

సిగరెట్ తాగేవాళ్లకి ఈ జబ్బు రిస్క్ ఎక్కువ. ఇక కంటి విటమిన్లు అంటారా, మధ్య దశ ఏఎండీ ఉన్నవాళ్లలో ముదరడాన్ని కొంత తగ్గిస్తాయని ఏఆర్ఈడీఎస్ అనే అమెరికా స్టడీల్లో తేలింది, మామూలు కళ్లవాళ్లు వేసుకుంటే జబ్బు రాకుండా ఆపుతాయని కాదు. బీటా కెరోటిన్ ఉన్నవి సిగరెట్ తాగేవాళ్లకి లంగ్ క్యాన్సర్ రిస్క్ పెంచుతాయి, అందుకే 2013లో ఫలితాలొచ్చిన రెండో స్టడీ తర్వాత దాని బదులు ల్యూటీన్, జియాజాంథిన్ వాడుతున్నారు. సీసా మీద కన్ను బొమ్మ ఉందని కొనేయకండి.

అమ్మకి ఈమధ్య గదిలో లేని మనుషులు కనపడుతున్నారు. మతి తప్పుతోందా?

కాకపోవచ్చు. చూపు బాగా తగ్గినవాళ్లలో కొందరికి మెదడు తనంతట తానే బొమ్మలు సృష్టిస్తుంది, చిన్న చిన్న మనుషులు, రంగురంగుల డిజైన్లు, జంతువులు, ఏ శబ్దం చేయకుండా వచ్చి పోతుంటాయి. దీన్ని చార్లెస్ బానె సిండ్రోమ్ అంటారు, ఆ పేరున్న స్విస్ శాస్త్రవేత్త 1760లో తన తాతగారికి ఇలా కనపడటం గురించి రాశారు, ఆయనకి చూపు తగ్గింది కానీ తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. కనపడేది నిజం కాదని మనిషికి తెలుస్తుంటుంది, అదే ముఖ్యమైన తేడా. పిచ్చి అనుకుంటారేమో అని చాలామంది ఎవరికీ చెప్పకుండా లోపల్లోపల భయపడుతుంటారు, కాబట్టి మీరే మెల్లగా అడగండి, లేనివేమైనా కనపడుతున్నాయా అమ్మా, కొందరికి అలా అవుతుందట అని. అవుతుందట అనే ఆ ఒక్క మాట వింటేనే సగం భయం పోతుంది. మాటలు కూడా వినపడుతున్నా, నిజంగానే ఉన్నారని వాదిస్తున్నా, ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడుతున్నా కారణం వేరే ఉండొచ్చు, ఫిజీషియన్‌కి చూపించాలి.

నేను వాడే మందులకీ కంటికీ సంబంధం ఏంటి?

చాలా ఉంది. స్టెరాయిడ్లు, ముఖ్యంగా కంటి చుక్కల రూపంలో ఎక్కువకాలం వాడితే ప్రెషర్ పెంచుతాయి, శుక్లం తెప్పిస్తాయి, ఎరుపొచ్చినప్పుడల్లా పాత చీటీతో అదే చుక్కలు కొనుక్కునేవాళ్లు జాగ్రత్త. కీళ్లవాతానికి, లూపస్‌కి ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ల తరబడి వాడితే కొందరికి రెటీనా దెబ్బతినొచ్చు, మొదలుపెట్టిన ఏడాదిలో ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏటా చూపించుకోవాలి. టీబీ మందుల్లో ఇథాంబుటాల్ కంటి నరాన్ని దెబ్బతీయగలదు, రంగులు తేడాగా కనిపిస్తే అదేరోజు చెప్పాలి. ప్రోస్టేట్‌కి వేసుకునే టామ్సులోసిన్ వల్ల శుక్లం ఆపరేషన్‌లో కంటిపాప సరిగా విప్పారదు, ఎప్పుడో మానేసినా సరే సర్జన్‌కి ఆ పేరు చెప్పండి. అలాగని ఇది చదివి ఏ మందూ సొంతంగా ఆపకండి.

నాన్న ఈమధ్య రెండుసార్లు తూలి పడబోయారు, కళ్లకి సంబంధం ఉంటుందా?

ఉండొచ్చు. మెట్టు అంచు కనపడకపోవడం, లోతు తెలియకపోవడం శుక్లంలో మామూలే. ఒక కంటికి ఆపరేషన్ అయి రెండో కన్ను అలాగే ఉంటే కూడా ఈ ఇబ్బంది వస్తుంది. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల్లో కింది భాగం దగ్గర చూపుకి కాబట్టి మెట్లు దిగేటప్పుడు కాళ్ల దగ్గర నేల మసకగా కనిపిస్తుంది, బయట నడకకి దూరం చూపు అద్దాలు విడిగా పెట్టుకుంటే మేలు. ఒక్కసారే పవర్ బాగా మార్చినా కొన్నాళ్లు తూలుతారు.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు అక్షరాలు చదవలేరు కదా, వాళ్లకి పరీక్ష కుదురుతుందా?

కుదురుతుంది. రెటినోస్కోప్ అనే లైటుతో మనిషి ఏ జవాబూ చెప్పకుండానే పవర్ తెలుసుకోవచ్చు, చంటిపిల్లలకి చేసేది అలాగే. అక్షరాల బదులు బొమ్మలు చూపిస్తారు, ప్రెషర్ చూడటానికి చేత్తో పట్టుకునే మెషిన్లు ఉన్నాయి. పొద్దున్నే, వాళ్లు ప్రశాంతంగా ఉండే టైముకి అపాయింట్‌మెంట్ అడగండి. చూపు ఆనక మనుషుల్ని గుర్తుపట్టకపోతే దాన్ని కూడా మతిమరుపు ఖాతాలో వేసేస్తుంటాం మనం. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో ఇచ్చిన రిపోర్టులో, వైద్యం అందని చూపు లోపాన్ని డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు రిస్కుల్లో ఒకటిగా చేర్చారు.

చెకప్ డేటు దాకా ఆగకుండా ఎప్పుడు పరుగెత్తాలి?

ఒక కంట్లో చూపు ఉన్నట్టుండి పోతే, నొప్పి లేకపోయినా సరే, కాసేపటికి తిరిగొచ్చినా సరే, అది కంటికి వచ్చిన పక్షవాతం లాంటిదే కావచ్చు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. మెరుపులు మెరిసినట్టు, నల్లటి చుక్కలు ఒక్కసారిగా జల్లులా, పక్కనుంచి తెర దిగుతున్నట్టు అనిపిస్తే రెటీనా చిరుగుతోందేమో, అదేరోజు చూపించాలి, ఎప్పట్నుంచో తిరుగుతున్న ఒకటో రెండో చుక్కలకి అంత కంగారు అక్కర్లేదు. కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పి, లైట్ల చుట్టూ రంగు వలయాలు, వాంతులు, ఇవి ప్రెషర్ ఒక్కసారిగా పెరిగిన గుర్తులు, వాంతుల వల్ల కడుపు సమస్య అనుకుని టైము పోగొట్టుకుంటారు. యాభై దాటినవాళ్లకి కణతల దగ్గర కొత్తగా తలనొప్పి, తల దువ్వుకుంటే నొప్పి, నమిలితే దవడ నొప్పి, దాంతోపాటు చూపు మసక వస్తే రక్తనాళాల వాపు అయ్యుండొచ్చు, స్టెరాయిడ్ ఆలస్యమైతే రెండో కన్ను కూడా పోవచ్చు.

వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

ఇప్పుడు పెట్టుకునే అద్దాలన్నీ, చదివేటప్పటివి కూడా. మందుల చీటీ, లేదంటే మందుల సంచీయే. పాత ఫీల్డ్ టెస్టులు, ఓసీటీలు ఉంటే తప్పకుండా, ఎందుకంటే గ్లాకోమాలో ఒక్క రిపోర్టు చూసి చెప్పగలిగేది తక్కువ, పోయినసారికీ ఇప్పటికీ తేడా ఎంతో చూడాలి. ఇంట్లో ఎవరికి ఏ కంటి జబ్బు ఉందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, అక్కడ కూర్చున్నాక గుర్తురాదు. బయటికొచ్చే ముందు మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి ఆ తేదీ ఫోన్‌లో పెట్టేయండి, పెద్దవాళ్ల ఫోన్‌లో కాదు, తీసుకెళ్లేవాళ్ల ఫోన్‌లో.